పేట సంఘాల అనుసంధానం - నేర నివారణ: భీవండి మొహల్లా కమిటీల పరిశీలన

కీలక పదాలు: మొహల్లా కమిటీ, నిఘా సంఘం, వదంతి, సామాజిక పోలీసు వ్యవస్థ, భీవండి.

1. ఉపోద్ఘాతం

ఇరుగుపొరుగువారు తమ వీధికి తామే కాపలా ఉండే పద్ధతి అమెరికాలో 1972 నుంచి, ఇంగ్లండులో 1982 నుంచి వ్యవస్థీకృత రూపం పొందింది. బెన్నెట్, హాలోవే, ఫారింగ్టన్ 2008లో వెలువరించిన సమీక్ష ఇటువంటి సంఘాలున్న చోట నేరాలు 16 నుంచి 26 శాతం వరకు తగ్గినట్లు పేర్కొన్నది. అయితే నగరంలో నేరం ఒక పేట పొలిమేర దగ్గర ఆగదు. ఒక వీధిలో కాపలా గట్టిపడితే దొంగ పక్క వీధికి మళ్లవచ్చు. వదంతి సంగతి సరేసరి. అది ఒక్క రాత్రిలో ఊరంతా చుట్టి వస్తుంది. కాబట్టి విడివిడి సంఘాలను కలిపే దారం ఏదన్నది ముఖ్యమైన ప్రశ్న. ఈ ప్రశ్నకు భారతదేశంలో లభించే బలమైన ఉదాహరణ భీవండి.

2. భీవండి: నేపథ్యం

మహారాష్ట్రలోని ఠాణే జిల్లాకు చెందిన ఈ ఊరు మరమగ్గాలకు ప్రసిద్ధి. తెలంగాణ నుంచి వలసవెళ్లిన నేత కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, ఇక్కడ పెద్ద సంఖ్యలో స్థిరపడినందున తెలుగు పరిశోధకులకు ఇది పరాయి ఊరు కాదు. 1970లోను, 1984లోను ఇక్కడ చెలరేగిన మతఘర్షణలు తీవ్ర ప్రాణనష్టం కలిగించాయి. 1988లో డిప్యూటీ కమిషనరుగా వచ్చిన సురేశ్ ఖోపడే పేటపేటకూ మొహల్లా కమిటీలను ఏర్పాటు చేశారు.

అంతకుముందు శాంతి సంఘాలు లేకపోలేదు. కాని వాటిని అల్లర్లు మొదలైన తరువాతనే పిలిచేవారు. వాటిలో కూర్చునేవారు కూడా పేరున్న నాయకులే. ఖోపడే కమిటీలు ఇందుకు భిన్నంగా మామూలు రోజుల్లోనే సమావేశమయ్యాయి. రెండు మతాల సామాన్యులు స్థానిక పోలీసులతో కలిసి కూర్చొని చిన్న తగాదాలను అక్కడికక్కడే పరిష్కరించుకున్నారు. చూడడానికి ఇది స్వల్ప విషయమే. కాని చిన్న తగవు తీర్చడంలో కలిసి పనిచేసినవారికి కష్టకాలంలో ఒకరి మాట మరొకరు నమ్మే అలవాటు అప్పటికే ఏర్పడి ఉంటుంది. 1992 డిసెంబరు, 1993 జనవరి నెలల్లో పొరుగునే ఉన్న ముంబయిలో 900 మంది మరణించినట్లు శ్రీకృష్ణ కమిషన్ నమోదు చేసింది. ఆ కాలంలో భీవండి ప్రశాంతంగా ఉన్నది.

3. అనుసంధాన స్వభావం

అశుతోష్ వార్ష్ణేయ 2002లో ప్రచురించిన గ్రంథంలో భీవండిని ప్రస్తావిస్తూ, ఒకే మతంవారి సంఘాలు ఎన్ని ఉన్నా శాంతికి తోడ్పడవనీ, మతాల మధ్య వారధిగా నిలిచే సంఘాలే తోడ్పడతాయనీ వాదించారు. ఈ వాదం నిఘా సంఘాలకూ వర్తిస్తుంది. పది కాలనీల సంఘాలను ఒకే వేదిక మీదికి తెచ్చినా, అందరూ ఒకే వర్గంవారైతే అక్కడ కలిసేది అనుమానాలే. ఎదుటి పేటలో ఏం జరిగిందో అడిగి తెలుసుకోదగిన మనిషి ఒకరు ఉండాలి. ఆ ఒక్క పరిచయమే వదంతికి అడ్డుకట్ట.

ఈ ఏర్పాటు శాశ్వతం కాదు. 2006 జులైలో పోలీసు స్టేషను నిర్మాణంపై తలెత్తిన వివాదంలో పోలీసు కాల్పులు జరిగాయి. ఇద్దరు పోలీసులు మూకదాడిలో హతులయ్యారు. ఊరు అదే. పోలీసులకూ ప్రజలకూ మధ్య నిత్య సంభాషణ నిలిచిపోయిన చోట, కమిటీ అన్న పేరు మిగిలినా అది చేయగలిగింది తక్కువ.

4. సెల్‌ఫోను కాలంలో

నేడు సంఘాలను కలపడం సులభం. వాట్సాప్ సమూహం చాలు. ప్రమాదమూ అక్కడే ఉన్నది. 2018 జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో, పిల్లలను ఎత్తుకుపోయేవారన్న వదంతి నమ్మిన గుంపు ఐదుగురు సంచారజాతివారిని కొట్టి చంపింది. ఆ ఏడాదే తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి గ్రామానికో పోలీసును బాధ్యునిగా నియమించారు. వారు గ్రామ వాట్సాప్ సమూహాలలో చేరి, పాటలు, డప్పుల సాయంతో వదంతులను ఖండించారు. రెండు చోట్లా సాధనం ఒకటే. గద్వాలలో ఆ సాధనం వెనుక, వార్త నిజమా అని అడగడానికి ఊరు ఎరిగిన మనిషి ఉన్నాడు.

2013 నాటి ప్రజా భద్రతా చట్టం 100 మందికి పైగా గుమికూడే సంస్థలలో నిఘా కెమెరాలను తప్పనిసరి చేసింది. నేరస్థుని గుర్తించడంలో వాటి ఉపయోగం కాదనలేనిది. అయితే కెమెరా చూపేది జరిగిపోయిన నేరాన్ని. నగరాలలో కాలనీ సంఘాలను కలపదలచిన అధికారులు కెమెరాల సంఖ్యతో పాటు, ఒక కాలనీవారు పక్క బస్తీలో పేరు పెట్టి పిలవగల మనుషులు ఎందరున్నారో కూడా లెక్కించవలసి ఉంటుంది. ఆ లెక్కకు కొలమానాలు రూపొందించే పని సమాజశాస్త్ర విభాగాలది.