ఫ్రెంచి తలుపులు, కిటికీల భద్రత: గన్‌ఫౌండ్రీ పరిసరాల నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం

నేలవరకు దిగివచ్చి, అద్దాలు పొదిగి, నడుమ నుండి రెండువైపులా తెరుచుకునే జంట రెక్కల ద్వారాన్ని ఫ్రెంచి తలుపు అనీ, ఫ్రెంచి కిటికీ అనీ అంటారు. ఇది చువ్వలు లేని కిటికీ, అద్దంతో చేసిన తలుపు. అందువల్ల దీని భద్రత ఒక ప్రత్యేక సమస్య. గన్‌ఫౌండ్రీ, ఆబిడ్స్ పరిసరాల నేపథ్యంలో ఇటువంటి తలుపులకు వాడే గడియలు, తాళాలు, పిడులు పనిచేసే తీరును వివరించడం, వీటి భద్రతకు మూలాధారం తాళం కంటె రెక్కను కట్టడానికి బంధించే గడియేనని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గన్‌ఫౌండ్రీ, ఫ్రెంచి కిటికీ, గడియమాను, ఎస్పానోలెట్, నిలుపు రెక్క, తాళం, పిడి.

1. ప్రవేశిక

హైదరాబాదులోని గన్‌ఫౌండ్రీకి ‘తోప్ కా సాంచా’ అనే పేరు కూడా ఉంది. ఫిరంగుల అచ్చు అని దాని అర్థం. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని మిషెల్ జొవాకిం మరీ రేమండ్ 18వ శతాబ్ది చివరి దశకాలలో ఇక్కడ ఫిరంగులు పోతపోయించాడు. రేమండ్ 1798 మార్చి 25న మరణించాడు. అదే సంవత్సరం అక్టోబరులో ఆంగ్లేయులు ఆయన పటాలాన్ని నిరాయుధం చేశారు. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే సమీపంలోని కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ నిర్మాణం మొదలైంది.

ఫిరంగుల అచ్చుకూ కిటికీల గడియకూ నేరుగా చుట్టరికం లేదు. అయితే ఈ ప్రాంతం యూరప్ వాస్తురీతులు హైదరాబాదు నగరజీవనంలో కలిసిన చోటు. సమీపంలోని కింగ్‌కోఠీ ప్రాసాదం పేరు గురించి ప్రచారంలో ఉన్న కథ కూడా తలుపులతో, కిటికీలతో ముడిపడినదే. భవనాన్ని కట్టించిన కమాల్ ఖాన్ తన పేరులోని ‘కె.కె.’ అనే అక్షరాలను వాటిపై చెక్కించాడట. భవనం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ వశమైన తరువాత ఆ అక్షరాలను చెరపకుండా, వాటికి సరిపోయేలా ‘కింగ్ కోఠీ’ అనే పేరు పెట్టారని చెబుతారు. తలుపు గృహస్థుని హోదాను చాటే చోటు కూడా అని ఈ కథ తెలుపుతుంది. హోదాకోసం తలుపును ఎంత విశాలంగా, ఎంత పారదర్శకంగా చేస్తే, దానిని భద్రపరచడం అంత కష్టమవుతుంది.

2. తెలుగు ఇంటి రక్షణవ్యవస్థ

సంప్రదాయమైన తెలుగు ఇంట్లో తలుపు, కిటికీ వేరువేరు సూత్రాలపై రక్షణ పొందుతాయి. కిటికీకి రక్షణ చువ్వలే. దాని రెక్కలకు ఉండే కొక్కెం గాలికి రెక్క కొట్టుకోకుండా ఆపడానికే తప్ప దొంగను ఆపడానికి కాదు. తలుపుకు రక్షణ గడియ. వెలుపల గొళ్ళెం, దానికి తాళంకప్ప; లోపల గడియ లేదా గడియమాను.

వీటిలో గడియమాను ప్రత్యేకంగా గమనించదగినది. రెండు రెక్కలకూ అడ్డంగా సాగి, రెండు కొసలూ గోడలలోని రంధ్రాలలోనో ద్వారబంధానికి బిగించిన కొండ్లలోనో నిలిచే దుంగ అది. అది రెక్కను రెక్కకు కట్టదు. రెండింటినీ కట్టడానికి బంధిస్తుంది. వెలుపలి నుండి తోసే బలం రెక్కల మీద ఆగక గోడకు చేరుతుంది.

ఫ్రెంచి కిటికీలో చువ్వలు లేవు, గడియమానుకు చోటు లేదు. అందుచేత రక్షణభారమంతా గడియ, తాళం, పిడి అనే మూడింటిపై పడింది.

3. నిలువు గడియ

ఈ సమస్యకు ఫ్రాన్సులో దొరికిన పరిష్కారం గడియమానును నిలువుగా నిలబెట్టినట్టు ఉంటుంది. వర్సాయి రాజప్రాసాదంలో 1678–1684 మధ్య నిర్మించిన అద్దాల మందిరానికి తోటవైపు 17 ఎత్తయిన కిటికీలు ఉన్నాయి. ఇంత ఎత్తయిన రెక్కలను నడుమ ఒక్కచోట పట్టి ఉంచితే పైకొస, కిందికొస వంగుతాయి. అందుకే రెక్క పొడవునా సాగే ఇనుప కడ్డీ అవసరమైంది.

దీనిలో రెండు రకాలు ప్రసిద్ధం. ఎస్పానోలెట్‌లో పిడిని తిప్పితే కడ్డీ తన చుట్టూ తాను తిరిగి, రెండు కొసల కొక్కేలు చట్రంలోని కొండ్లను పట్టుకుంటాయి. క్రెమోన్‌లో కడ్డీ తిరగదు. పిడిని తిప్పినప్పుడు ఒక కడ్డీ పైకి, మరొకటి కిందికి జరిగి చట్రంలోకి దిగుతాయి. రెండింటిలోనూ ఒక్క కదలికతో రెక్క పైనా కిందా కట్టడానికి బంధితమవుతుంది.

4. బలహీన స్థానాలు, వాటి నివారణ

4.1 నిలుపు రెక్క: జంట తలుపులో ముందుగా తెరిచే రెక్క ఒకటి, మూసి ఉంచే నిలుపు రెక్క మరొకటి. తాళం నాలుక దిగేది నిలుపు రెక్కలోకే. ఆ రెక్క కదిలితే ఎంత విలువైన తాళమైనా దానితోపాటే కదులుతుంది. కాబట్టి ముందు నిలుపు రెక్కను పైనా కిందా బోల్టులతో బిగించాలి. రెక్క ముఖంపై అమర్చిన టవర్ బోల్టును అద్దం పగలగొట్టి చేయి పెట్టి తీయవచ్చు. రెక్క అంచులోనే ఇమిడిపోయే బోల్టుకు, మొదటి రెక్క మూసి ఉన్నంతవరకు చేయి అందదు. నేలలోని రంధ్రం దుమ్ముతో పూడితే బోల్టు పూర్తిగా దిగదు. వానకాలంలో చెక్క ఉబ్బినా అదే జరుగుతుంది. ఈ రెండింటినీ ఏటా సరిచూడాలి.

4.2 నాలుక: స్ప్రింగుతో కదిలే ఏటవాలు నాలుక తలుపును మూసి ఉంచడానికే. పలుచని రేకుతో దానిని వెనక్కు నెట్టవచ్చు. తాళంచెవితో బయటికి వచ్చే చదరపు నాలుకే నిజమైన రక్షణ. రెండు రెక్కల అతుకును కప్పే పట్టీ ఉంటే పనిముట్టు దూరడానికి సందు ఉండదు.

4.3 బహుస్థాన తాళం: నేటి యూపీవీసీ, అల్యూమినియం తలుపులలో పిడిని పైకెత్తితే అనేక చోట్ల కొక్కేలు ఒకేసారి చట్రంలోకి దిగుతాయి, తాళంచెవి వాటిని కదలకుండా బిగిస్తుంది. పిడి ఎత్తి, తాళం వేయకుండా వదిలేస్తే భద్రత సగమే. యూపీవీసీ చట్రంలో లోపలి ఉక్కుపట్టీ వరకు మరలు దిగకపోతే ఆ కొక్కేలకు పట్టు ఉండదు.

4.4 బందులు: వెలుపలికి తెరుచుకునే తలుపులకు బందుల కీలకం బయటికి కనిపిస్తుంది. దానిని ఊడదీసినా రెక్క కదలకుండా, బందులవైపు అంచులో ఉక్కు మేకులను అమర్చి, మూసినప్పుడు అవి చట్రంలోకి దిగేలా చేయాలి.

4.5 అద్దం: నడుమ పొర ఉన్న లామినేటెడ్ అద్దం పగిలినా ముక్కలు పొరనే అంటుకుని ఉంటాయి, చేయి దూరే కంత వెంటనే ఏర్పడదు.

5. ఎంపికలో కొలతలు

గన్‌ఫౌండ్రీకి చేరువలోని ట్రూప్ బజారు ఇంటి నిర్మాణసామగ్రికి పేరుపొందిన అంగడి. తాళం మార్చదలచినవారు పిడి అందం కంటె ముందు మూడు కొలతలు తీసుకోవాలి. మొదటిది, రెక్క అంచు నుండి తాళంచెవి రంధ్రం మధ్యకు ఉన్న దూరం. ఫ్రెంచి తలుపుల నిలువు చెక్క సన్నం కాబట్టి, సాధారణ తలుపుకు ఉద్దేశించిన వెడల్పైన తాళం అందులో ఇమడదు. ఇమడ్చాలని ఎక్కువగా తొలిస్తే చెక్కే బలహీనమవుతుంది. రెండవది, పిడి ఇరుసు మధ్య నుండి తాళంచెవి రంధ్రం మధ్యకు ఉన్న దూరం. మూడవది, రెక్క మందం. సిలిండరు పిడిపలక నుండి 3 మిల్లీమీటర్లకు మించి బయటికి పొడుచుకువస్తే దానిని విరిచి తాళం తెరవడం సులువవుతుంది. టవర్ బోల్టులకు ఐ.ఎస్. 204, చెక్కలో ఇమిడే మార్టిస్ తాళాలకు ఐ.ఎస్. 2209 భారతీయ ప్రమాణాలు.

పాత భవనాలలో ఎస్పానోలెట్, క్రెమోన్ వంటి కడ్డీలు కనిపిస్తే వాటిని పారవేయవలసిన పనిలేదు. తుప్పు తీసి, నూనె వేసి, కొండ్లను సరిచేసి, కడ్డీ కదలకుండా చిన్న తాళం జోడిస్తే చాలు. పాత చెక్కకు కొత్త రంధ్రాలు పడవు.

6. భద్రతకు ఎల్ల

దొంగభయంతో ఫ్రెంచి కిటికీకి ఇనుప గ్రిల్లు బిగించి, దానికి తాళంకప్ప వేయడం నగరంలో సాధారణ దృశ్యం. ఇది పాత కిటికీ చువ్వల సూత్రాన్నే తిరిగి తేవడం. అయితే చువ్వల కిటికీ ఏనాడూ దారి కాదు. ఫ్రెంచి కిటికీ దారి. నిప్పంటుకున్న వేళ గదిలో మిగిలే రెండవ దారి అదే కావచ్చు. బయటికి వెళ్ళే ద్వారాలు లోపలి నుండి తాళంచెవి అవసరం లేకుండా తెరుచుకోవాలని జాతీయ భవననిర్మాణ నియమావళి చెబుతుంది. పాఠశాలలు, వసతిగృహాలు, దుకాణాలు దట్టంగా ఉన్న ప్రాంతాలలో ఈ నియమం విలువ ఇంకా ఎక్కువ. లోపల తాళంచెవితో తీసే ఏర్పాటే ఉన్న ఇళ్ళలో, అది అద్దం పగలగొట్టిన చేతికి అందని చోట, ఇంటివారందరికీ తెలిసిన చోట ఉండాలి.

7. ముగింపు

గడియమాను అడ్డంగా చేసిన పనినే ఎస్పానోలెట్ నిలువుగా చేసింది. బహుస్థాన తాళం అదే పనిని చట్రం అంచులో దాచింది. మూడింటి సూత్రం ఒక్కటే: రెక్క బలం కట్టడం నుండి రావాలి. కనుక ఫ్రెంచి తలుపును భద్రపరచేవారు నిలుపు రెక్కను ముందు బిగించి, బందులను, అద్దాన్ని తరువాత చూసుకుని, తాళాన్ని చివర ఎంచుకోవాలి. ఆ తాళం వెలుపలివారికి ఎంత కఠినమో లోపలివారికి అంత సులభం కావాలి.