అడ్డనార చెక్క కథ

పెరటి షెడ్డులోనో, మేడ మీది గదిలోనో చిన్న పనిచోటు పెట్టుకున్నవారికి కొన్నాళ్లకే ఒక బీరువా కావాల్సి వస్తుంది. ఉలులు, రంపాలు, డ్రిల్లు, డబ్బాల నిండా మేకులు ఎక్కడివక్కడ సర్దుకోవాలి కదా! వడ్రంగం బొత్తిగా తెలియనివారు కూడా ఇవాళ ఆ బీరువా తామే చేసుకుందామని ధైర్యం చేస్తున్నారంటే, ఆ పుణ్యం కరెంటు రంపానిది కాదు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్డు పలకది.

మామూలు చెక్క ఒక పట్టాన ఊరుకోదు. గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. అదైనా అన్ని వైపులా ఒకేలా కాదు. పచ్చి కలప పూర్తిగా ఆరేసరికి నార పొడవునా తగ్గేది 0.1 నుంచి 0.2 శాతం. నారకు అడ్డంగా, వలయాల వెంబడి చూస్తే చాలా రకాల కలప 5 నుంచి 10 శాతం దాకా కుదించుకుపోతుంది. అందుకే పాతకాలపు వడ్రంగులు వెడల్పాటి తలుపుకు చట్రం కట్టి, గాడి తీసి, అందులో పలకను జిగురు పెట్టకుండా వదులుగా కూర్చోబెట్టేవారు. వానలకు అది గాడిలోపలే ఉబ్బుతుంది, ఎండలకు లోపలే తగ్గుతుంది. మనం అలంకారమనుకునే ఆ గాడి, చట్రం చెక్క కదలడానికి వదిలిన చోటు.

ప్లైవుడ్డులో ఈ గొడవ పుట్టుకలోనే తీరిపోతుంది. పలుచని పొరలను ఒకదాని నార నిలువుగా, దాని మీదిది అడ్డంగా ఉండేలా అతికిస్తారు. ఒక పొర తన నారకు అడ్డంగా ఉబ్బబోతే, ఆ దిక్కున పొడుగునా సాగిన పక్క పొర నార దాన్ని పట్టి ఆపుతుంది. పొరలు సాధారణంగా బేసి సంఖ్యలో ఉంటాయి. నడిమి పొరకు రెండు వైపులా లాగుడు సమానంగా ఉంటేనే పలక వంకర తిరగదు.

ఆలోచన కొత్తదేమీ కాదు. ఈజిప్టులో సఖారా మెట్ల పిరమిడ్‌లో దొరికిన మూడో రాజవంశం నాటి శవపేటిక గోడలు ఆరు పొరలవి. నార దిక్కు మార్చి పేర్చి, చెక్క మేకులతో బిగించారు. పొరలను చేత్తో కోయాల్సి వచ్చినంత కాలం ఇది గొప్పింటి సరుకే. 1797లో ఇంగ్లండులో శామ్యూల్ బెంథామ్ పొరలు కోసే యంత్రాలకు పేటెంట్లు తీసుకున్నాడు. 1865లో న్యూయార్క్‌కు చెందిన జాన్ మేయో అడ్డనార పొరల అతుకుకు పేటెంటు పొందాడు. దాన్ని పరిశ్రమగా నిలబెట్టింది మాత్రం వేరేవాళ్లు. అసలు మలుపు తిరుగుడు లేతు. దుంగను వేడినీళ్లలో నానబెట్టి, దాని నిడివంత కత్తికి ఆనించి తిప్పితే చాప చుట్ట విప్పినట్టు పొర ఏకబిగిన ఊడివస్తుంది.

అప్పటి ప్లైవుడ్డు ఎక్కువగా పెట్టెలకు, ముఖ్యంగా తేయాకు పెట్టెలకు పోయేది. 1907లో దక్షిణ ధ్రువ యాత్రకు బయల్దేరిన షాకిల్టన్ సామాను వెనెస్టా అనే ప్లైవుడ్డు పెట్టెల్లో సర్దాడు. సరుకులు ఖాళీ అయ్యాక ఆ పెట్టెలే యాత్రికుల గుడిసెలో అరలయ్యాయి, బల్లలయ్యాయి. అక్కడే అచ్చువేసిన ‘అరోరా ఆస్ట్రాలిస్’ పుస్తకానికి అట్టలూ అవే. కొన్ని ప్రతుల మీద ‘వెన్న’ లాంటి ముద్రలు ఇప్పటికీ కనిపిస్తాయి! ఉన్న చెక్కతో సామాను అరలు చేసుకోవడంలో ఆ యాత్రికులను మించినవాళ్లు లేరు.

1905లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ ప్రదర్శనలో డగ్లస్ ఫర్ చెక్కతో చేసిన ప్లైవుడ్డు పలకలు పెట్టారు. ఇళ్లు ఎత్తే జాకీలతో నొక్కి, కుంచెలతో జిగురు పూసి చేసినవవి. తలుపులు చేసేవాళ్లు వెంటనే ఆర్డర్లిచ్చారు. కానీ అప్పట్లో వాడిన జంతువుల జిగురు నీళ్లు తగిలితే విడిపోయేది. 1934లో జేమ్స్ నెవిన్ అనే రసాయనవేత్త నీటికి లొంగని జిగురు తేవడంతో ప్లైవుడ్డు ఆరుబయటికి వచ్చింది. 1940లో ఎగిరిన బ్రిటన్ మస్కిటో విమానం ఒళ్లు బర్చి ప్లైవుడ్డు, బాల్సా చెక్కే. ఆ తర్వాత కూడా దీన్ని చౌకరకమని తీసిపారేసేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది.

మన దేశంలోనూ ఈ పరిశ్రమ అస్సాం తేయాకు పెట్టెలతోనే ఎదిగింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు అడవుల కేసులో ఇచ్చిన ఉత్తర్వుతో ఈశాన్యంలో మిల్లులు మూతపడ్డాయి. యమునానగర్ లాంటి చోట్ల పొలం గట్ల పోప్లార్, నీలగిరి చెట్లు ఆ లోటు పూడ్చాయి.

ఇక మీ బీరువా సంగతి. అర మందం ఒకటిన్నర రెట్లయితే దాని వంపు మూడో వంతు కంటే తగ్గుతుంది. 12 మిల్లీమీటర్ల అరకూ 18 మిల్లీమీటర్ల అరకూ ఉన్న తేడా అంతుంది. అర నిడివిని సగం చేస్తే, అడుగుకు అంతే బరువున్నా, వంపు పదహారో వంతుకు దిగుతుంది. కనుక మందపు పలక కొనే ముందు మధ్యలో ఒక నిలువు అడ్డం పెట్టండి. వెనక 6 మిల్లీమీటర్ల పలక కొట్టకపోతే ఎంత గట్టి బీరువా అయినా పక్కకు ఒరుగుతుంది. పలకను నాలుగు రెండడుగుల ముక్కలు చేద్దామని గీస్తే రంపం ఒక్కో కోతకు సుమారు 3 మిల్లీమీటర్లు మింగేస్తుంది. 600 మిల్లీమీటర్లకు గీసుకుంటే ఆ చిక్కుండదు.

ప్లైవుడ్డుకూ లోపాలున్నాయి. అంచులోకి బిగించిన స్క్రూ పొరలను చీలుస్తుంది, ముందుగా బెజ్జం వేయాల్సిందే. కోసిన అంచు తేమ పీలుస్తుంది. టేకు మీద మోజున్నవారు అక్కడ టేకు బద్ద కొట్టించుకుంటే మోజూ తీరుతుంది, అంచూ నిలుస్తుంది. కోసేటప్పుడు లేచే పొడి ముక్కులోకి పోకుండా మాస్కు పెట్టుకోండి.

కొనేటప్పుడు పై పొర నునుపు చూసి మురిసిపోకండి. ఐఎస్‌ఐ గుర్తు పక్కన 303 అని ఉంటే మామూలు వాడకానికి, 710 అయితే నీళ్లు తగిలే చోటికి. పలకను నిలబెట్టించి నాలుగంచులూ చూడండి. పొరల మధ్య ఖాళీలు, పుట్టీ అతుకులు కనిపిస్తే ఇంకో కొట్టుకు వెళ్లండి.