ఆసుపత్రి నుండి ఇంటికి: తెలిసికొనవలసిన కొన్ని ఆంగ్లపదములు

విద్యార్థులారా! హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలోని మన ఇండ్లలో తెలుగు, బజారున తమిళము, ఆసుపత్రి కాగితముపై ఆంగ్లము నడచుచుండును. రోగి ఇల్లు చేరిన నాడు ఆ కాగితము చదువుటకు పెద్దలు పిలుచునది మిమ్ములనే. "బడికి పోవుచున్నావు గదా, ఇందులో ఏమి వ్రాసినారో చూడు నాయనా" అని అవ్వ అడుగును. అప్పుడు పాఠ్యపుస్తకములోని ఇంగ్లీషు చాలదు. తెలిసినట్లే కనిపించు మాటలు కొన్ని అచ్చట వేరొక అర్థము నిచ్చును.

ఈ వ్యాసమునకు కారణమైన సంగతి యొకటి చెప్పెదను. మా వీధిలో ఒక పెద్దాయనకు కడుపునకు శస్త్రచికిత్స జరిగినది. గాయము నుండి 'డిశ్చార్జి' కనిపించినచో వెంటనే రావలెనని కాగితములో ఆంగ్లమున నుండెను. తొమ్మిదవ తరగతి చదువుచున్న మనుమడు చూచి, "డిశ్చార్జి అయినదని వ్రాసినారు తాతా" అని చెప్పెను. చీము కారుచున్నను నాలుగు దినములు ఎవరును కదలలేదు. పిమ్మట ఆయనను మరల ఆసుపత్రిలో చేర్పవలసి వచ్చినది. పిల్లవానిది తప్పు కాదు. ఆ మాటకు రెండర్థములున్నవని అతనికెవరును చెప్పియుండలేదు.

'చార్జి' యనగా మొదట బండిపై వేసిన బరువు. 'డిశ్చార్జి' యనగా ఆ బరువును దింపుట. రోగిని ఆసుపత్రి విడిచిపెట్టుటయు డిశ్చార్జియే. పుండు నుండి చీము, నీరు కారుటయు డిశ్చార్జియే. ప్రక్కన 'గాయము'ను తెలుపు 'ఊండ్' అను మాట యున్నచో రెండవ అర్థమే గ్రహింపవలెను.

ఇట్టివి మరికొన్ని కలవు. 'కంప్లెయింట్స్' అను శీర్షిక క్రింద నుండునవి ఫిర్యాదులు కావు. రోగి చెప్పుకొన్న బాధలు. 'డ్రెస్సింగ్' బట్టలు తొడుగుట కాదు. గాయమును శుభ్రపరచి కట్టు కట్టుట. పరీక్షలో 'నెగటివ్' అని వచ్చినచో దిగులుపడరాదు. వెదకిన దోషము ఆ పరీక్షలో కనబడలేదని భావము. 'స్టేబుల్' అనగా పూర్తిగా నయమైనదని కాదు. పరిస్థితి నిలకడగా నున్నదని మాత్రమే. 'కాన్వలెసెన్స్' అనగా జబ్బు తగ్గిన పిమ్మట ఒంటికి సత్తువ వచ్చు కాలము. బలమును తెలుపు లాటిను ధాతువు నుండి ఈ మాట పుట్టినది.

ఇక మందుల సంగతి. మాత్ర పేరునకు ఎదురుగా పొడి అక్షరములుండును. ఇవియు లాటిను మాటలకు సంక్షేపములే. ఓ.డి. అనగా దినమునకు ఒకసారి, బి.డి. అనగా రెండుసార్లు, టి.డి.ఎస్. అనగా మూడుసార్లు, హెచ్.ఎస్. అనగా పరుండబోవునప్పుడు. ఏ.సి. భోజనమునకు ముందు, పి.సి. భోజనము తరువాత. ఎస్.ఓ.ఎస్. అని చూచి, ఆపదలోనున్న ఓడ పంపు సంకేతమని బెదరిపోవలదు. 'అవసరమైనచో మాత్రమే' అని ఇచ్చట అర్థము. జ్వరపు మాత్ర కెదురుగా అది యున్నచో, జ్వరము లేనినాడు మ్రింగ నక్కరలేదు. కొందరు వైద్యులు 1-0-1 అని అంకెలు వేయుదురు. ఉదయము ఒకటి, మధ్యాహ్నము లేదు, రాత్రి ఒకటి యని దాని భావము. కండ్లజోడు చీటీలో మాత్రము ఓ.డి. అనగా కుడికన్ను. కావున అది ఏ చీటీయో ముందుగా చూచుకొనవలెను.

ద్రవౌషధములలో 'టీస్పూన్' 5 మిల్లీలీటర్లు, 'టేబుల్ స్పూన్' 15 మిల్లీలీటర్లు. ఒకదానికి మారుగా మరియొకటి పోసినచో పసిబిడ్డకు మూడింతల మందు పడును. వంటింటి చెంచాను నమ్మక, సీసాతో వచ్చిన కొలతమూతనే వాడవలెను. 'కంప్లీట్ ది కోర్స్' అని యున్నచో, ఒళ్లు తేలికపడినదని నడుమ ఆపక, చెప్పినన్ని దినములును మందు వాడవలెను.

'సాఫ్ట్ డయట్' అనగా మెత్తని ఆహారము: గంజి, మెత్తగా ఉడికిన అన్నము, ఇడ్లి వంటివి. 'అవాయిడ్ హెవీ లిఫ్టింగ్' అనగా బరువులెత్తరాదు. నీళ్ల బిందెయు బరువే యని ఇంటిలోని ఆడువారికి చెప్పుడు. 'రివ్యూ ఆఫ్టర్ 7 డేస్' అని యున్నచో, ఏడు దినముల పిమ్మట బాధ లేకున్నను వెళ్లి చూపించుకొనవలెను.

తలిదండ్రులకు ఒక విన్నపము. ఆసుపత్రి గడప దాటకముందే కాగితమును నర్సు ఎదుట నుంచి, ఏ మాత్ర ఎప్పుడు, ఏ లక్షణము కనిపించినచో మరల రావలెను అని అడిగి తెలిసికొనుడు. విన్నదానిని తిరిగి ఆమెకు అప్పచెప్పి, సరియేనా యని అడుగుడు. అటుపై ఆ కాగితము వెనుక బిడ్డచేత తెలుగులో వ్రాయించుడు. అడుగుటలో చిన్నతనము లేదు.

బాలబాలికలారా! తెలియని మాటకు ఊహించి అర్థము చెప్పకుడు. "ఇది నాకు తెలియదు, అడిగి వచ్చెదను" అను మాట ఆనాడు ఆ మనుమడు పలికియున్నచో, తాతకు రెండవసారి ఆసుపత్రి మంచము తప్పియుండెడిది.