కలబందకు నీళ్ళు

నాందేడ్ జిల్లా కర్ఖేలి ప్రాంతంలో కుండీకి సులువుగా దొరికేది నల్లరేగడి మట్టి. అందులో కలబంద నాటి, ఎండకు వాడిపోతుందని రోజూ చెంబెడు నీళ్ళు పోసేవారున్నారు. పత్తికి మేలుచేసే ఆ మట్టి తడిని వదలదు. కుండీలో వేళ్ళకు గాలి ఆడక కుళ్ళుతాయి. ఆకులు పసుపుబారి మెత్తబడతాయి. దానిని దాహమనుకొని ఇంకా పోస్తే మొక్క చచ్చిపోతుంది. దాహం వేసిన ఆకు మెత్తబడదు, పలచబడి ముడుచుకొంటుంది.

కలబంద ఆకులోనే నీరు దాచుకొంటుంది. చాలా మొక్కలు పత్రరంధ్రాలను పగలు తెరుస్తాయి. కలబంద, రణపాల మాత్రం చల్లని రాత్రివేళ తెరిచి, బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా మార్చి ఉంచుకొంటాయి. అందుకే వాటి నీరు అంతగా ఆవిరి కాదు. రాత్రి చేరిన ఆమ్లం పగటి వెలుగులో ఖర్చవుతుంది. ఒకప్పుడు సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హైన్ రణపాల ఆకును రుచి చూసే ఈ మార్పు పట్టుకొన్నాడు: ఉదయం పులుపు, మధ్యాహ్నానికి చప్పన. ఆ సంగతి 1815లో లండన్‌లో అచ్చయింది.

కుండీకి అడుగున రంధ్రం, మట్టిలో సగం ఇసుక ఉండాలి. వేలు గుచ్చితే రెండంగుళాల లోతున కూడా తడి తగలనప్పుడు, అడుగునుంచి కారేదాకా పోయాలి. వానాకాలంలో కుండీని వసారాలోకి జరపాలి.