కొండను తవ్వి ఎలుకను పట్టడం: పాత కారులో హీటర్ కోర్

హీటర్ ఎంత పెంచినా చల్లగాలే వస్తోందా? ముందు అద్దం లోపలివైపు జిడ్డుగా మసక కడుతోందా? కారంతా తియ్యటి వాసన వేస్తోందా? అయితే హీటర్ కోర్‌ని అనుమానించాల్సిందే.

హీటర్ కోర్ అంటే డాష్‌బోర్డు వెనక దాగిన ఓ బుల్లి రేడియేటర్. ఇంజన్‌లో వేడెక్కిన కూలంట్ దీని సన్నని గొట్టాల్లోంచి పారుతుంటే, వాటి మీదుగా ఫాను తోసే గాలి వెచ్చబడి మన దాకా వస్తుంది. ఇంజన్ ఎలాగూ పారేసే వేడితోనే మనం చలి కాచుకుంటున్నామన్నమాట.

వస్తువు ఖరీదు తక్కువే, చిక్కల్లా అది ఉన్న చోటుతోనే. ఉదాహరణకి 1997-2001 మధ్య వచ్చిన జీప్ చెరొకీలో డాష్‌బోర్డు కదిలించి, హీటర్ కోర్, ఏసీ ఎవాపరేటర్ కలిసి ఉన్న పెట్టెను బయటకు తియ్యాలి. అంతకుముందే ఏసీ గ్యాసు ఖాళీ చేయించాలి. అమెరికాలో దాన్ని గాలిలోకి వదలడం చట్టవిరుద్ధం కాబట్టి, ఆ పని యంత్రమున్న షాపులోనే చేయించుకోవాలి. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే! బిల్లులో సింహభాగం ఆ తవ్వకం కూలిదే.

అందుకే తవ్వేముందు ఎలుక అక్కడుందో లేదో చూసుకోండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలంట్ మట్టం చూడండి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత తియ్యవద్దు. తరవాత ఇంజన్ బాగా వేడెక్కనిచ్చి, హీటర్ పూర్తిగా పెట్టి, ఫైర్‌వాల్‌లోకి వెళ్ళే రెండు రబ్బరు గొట్టాలనూ జాగ్రత్తగా తాకి చూడండి. (ఈ ఫైర్‌వాల్ నెట్‌వర్కుది కాదు, ఇంజన్‌కీ మనకీ మధ్యనున్న రేకు గోడ!) రెండూ వేడిగా ఉంటే కోర్ బాగానే ఉన్నట్టు, వేడిగాలి, చల్లగాలి పాళ్ళు మార్చే తలుపు ఇరుక్కుని ఉండవచ్చు. ఒకటి వేడిగా, రెండోది చల్లగా ఉంటే కోర్ పూడుకుపోయి ఉండవచ్చు. గొట్టాలు విప్పి నీళ్ళు ఎదురు దిశలో తక్కువ ఒత్తిడితో పంపితే ఒక్కోసారి బాగుపడుతుంది. రెండూ చల్లగా ఉంటే ముందు థర్మోస్టాట్‌ని చూడండి. కాళ్ళ దగ్గర కార్పెట్ తడిసినా కంగారు పడక్కరలేదు. రంగూ వాసనా లేని నీరైతే అది ఏసీ నీరు కావచ్చు. రంగుగా, జిడ్డుగా, తియ్యటి వాసనతో ఉంటే కూలంటే.

కోర్ కారుతోందని తేలితే మార్చక తప్పదు. రెండు గొట్టాలనూ బయటే కలిపేసి కోర్‌ని తప్పించడం కొందరు చేసే పని. హ్యూస్టన్‌లో కొన్నాళ్ళు అలా నెట్టుకు రావచ్చు. చికాగో జనవరిలో మాత్రం కాళ్ళకి చలి ఒక్కటే కాదు, అద్దం మీది మంచూ మసకా కరిగించే వేడిగాలి కూడా పోతుంది. దారి కనిపించకుండా హైవే ఎక్కడం ప్రాణాలతో చెలగాటం.

మీరే చేసుకోదలిస్తే ఆ మోడల్ సర్వీసు మాన్యువల్ దగ్గర పెట్టుకోండి. ఎయిర్‌బ్యాగుల జోలికి వెళ్ళేముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగండి. విప్పిన ప్రతిదానికీ ఫొటో తీసి, మరలను పేరు రాసిన సంచుల్లో వెయ్యండి. గట్టిపడిన పాత గొట్టాలను లాగకుండా నిలువునా కోసి, కొత్తవి వెయ్యండి. డాష్‌బోర్డు తిరిగి బిగించేముందే కూలంట్ నింపి, ఇంజన్ నడిపి, లీకు లేదని చూసుకోండి. టెస్టింగ్ విలువ మీకు వేరే చెప్పాలా!

చివరిగా ఒక్క మాట. చాలా కూలంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. కింద పడ్డ చుక్కలను వెంటనే తుడిచెయ్యండి. పాత కూలంట్‌ని పిల్లలకీ పెంపుడు జంతువులకీ అందకుండా మూత పెట్టి, రీసైక్లింగ్‌కి ఇచ్చెయ్యండి.