దాడి బోనసా, రక్షణ బోనసా? యాక్షన్ వీడియో గేమ్‌లో సామగ్రి ఎంపిక

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 దాడి బోనస్‌ల లెక్క
7.3 రక్షణ బోనస్‌ల లెక్క
7.4 రెండింటినీ ఒకే కొలమానంలోకి తేవడం
7.5 దాడికి తోడ్పడే రక్షణ
7.6 జట్టుగా ఆడేటప్పుడు
7.7 సారాంశం
7.8 కీలక పదాలు
7.9 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు
7.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• దాడి బోనస్ వల్ల సగటు దెబ్బ ఎంత పెరుగుతుందో లెక్కించగలుగుతారు.
• రక్షణ అంకె పెరిగినప్పుడు తగిలే దెబ్బ ఎలా తగ్గుతుందో వివరించగలుగుతారు.
• ఒక బోనస్ ఏ పరిస్థితిలో ఉపయోగపడుతుందో, ఏ పరిస్థితిలో వృథా అవుతుందో గుర్తించగలుగుతారు.

7.1 పరిచయం

యాక్షన్ గేమ్‌లలో ఆటగాడు ధరించే కవచం, ఆయుధం, తాయెత్తు మొదలైనవాటిని సామగ్రి అంటాం. సామగ్రితో పాటు కొన్ని అదనపు లక్షణాలు వస్తాయి. వీటిలో కొన్ని దెబ్బను బలంగా కొట్టడానికి, మరికొన్ని దెబ్బను తట్టుకోవడానికి పనికివస్తాయి. అయితే సామగ్రిలో చోటు పరిమితం. ఒకటి తీసుకుంటే మరొకటి వదులుకోవాలి. అందువల్ల ఇది ఇష్టాయిష్టాల ప్రశ్నగా కనిపించినా, నిజానికి పరిమిత వనరులను పంచుకునే ప్రశ్న.

ఈ అంశాన్ని అర్థం చేసుకోవడానికి జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ సంస్థ 2018లో విడుదల చేసిన ‘మాన్‌స్టర్ హంటర్: వరల్డ్’ గేమ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 2004లో ప్లేస్టేషన్ 2 మీద మొదలైన గేమ్‌ల వరుసలో ఇది ఒకటి. ఇందులో ఆటగాడు వేటగాడు. పెద్ద పెద్ద మృగాలను వేటాడి, వాటి చర్మం, ఎముకలు, పొలుసులతో కొత్త ఆయుధాలు, కవచాలు చేయించుకుంటాడు. ఈ గేమ్‌లో అనుభవం పెరిగినంత మాత్రాన వేటగాడి బలం దానంతట అది పెరగదు. బలమంతా సామగ్రి నుంచే రావాలి. కాబట్టి మన చర్చకు ఇది అనువైన ఉదాహరణ.

వేటకు రెండు హద్దులుంటాయి. సాధారణంగా 50 నిమిషాల్లో పని పూర్తి కావాలి. వేటగాడు మూడుసార్లు స్పృహ తప్పితే వేట విఫలమవుతుంది. మొదటి హద్దు దాడిని కోరుతుంది, రెండోది రక్షణను కోరుతుంది.

గమనిక: ఈ భాగంలోని అంకెలు మొదటి గేమ్‌కు చెందినవి. 2019లో వచ్చిన ‘ఐస్‌బార్న్’ విస్తరణలో కొన్ని అంకెలు మారాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు.

7.2 దాడి బోనస్‌ల లెక్క

ముందుగా ఒక పొరపాటుకు తావు లేకుండా చూసుకోవాలి. ఈ గేమ్‌లో ఆయుధం మీద కనిపించే అంకె అసలు దాడి విలువ కాదు. ఆయుధ రకాన్ని బట్టి ఆ విలువను ఒక గుణకంతో హెచ్చించి చూపిస్తారు. గ్రేట్ సోర్డ్‌కు ఆ గుణకం 4.8. కత్తి–డాలు ఆయుధానికి 1.4. తెర మీద 960 అని కనిపించే గ్రేట్ సోర్డ్ అసలు దాడి విలువ 960 ÷ 4.8 = 200. కత్తి–డాలుకు 280 అని కనిపించినా దాని అసలు విలువ కూడా 200. బోనస్ ఈ అసలు విలువకే కలుస్తుంది.

ఇప్పుడు రెండు దాడి బోనస్‌లను పరిశీలిద్దాం.

(అ) అటాక్ బూస్ట్: దీనికి ఏడు స్థాయిలు. ఒక్కో స్థాయికి అసలు దాడి విలువ 3 చొప్పున పెరుగుతుంది. నాలుగో స్థాయి నుంచి అదనంగా 5 శాతం అఫినిటీ కూడా వస్తుంది. ఏడో స్థాయిలో మొత్తం +21, 5 శాతం అఫినిటీ.

(ఆ) క్రిటికల్ ఐ: దీనికీ ఏడు స్థాయిలు. ఇది అఫినిటీని మాత్రమే పెంచుతుంది. ఏడో స్థాయిలో 30 శాతం.

అఫినిటీ అంటే దెబ్బ క్రిటికల్ అయ్యే అవకాశం. క్రిటికల్ దెబ్బ మామూలు దెబ్బ కన్నా 25 శాతం బలంగా తగులుతుంది. అంటే 30 శాతం అఫినిటీ ఉంటే సగటున 0.30 × 25 = 7.5 శాతం లాభం.

అసలు విలువ 200 ఉన్న ఆయుధానికి:
• అటాక్ బూస్ట్ 4: 212 × 1.0125 = 214.65. లాభం సుమారు 7.3 శాతం.
• అటాక్ బూస్ట్ 7: 221 × 1.0125 = 223.76. లాభం సుమారు 11.9 శాతం.
• క్రిటికల్ ఐ 7: 200 × 1.075 = 215. లాభం 7.5 శాతం.
• రెండూ ఏడో స్థాయిలో: 221 × 1.0875 = 240.34. లాభం సుమారు 20.2 శాతం.

దీన్నుంచి రెండు విషయాలు గ్రహించవచ్చు. మొదటిది, అటాక్ బూస్ట్ నాలుగు స్థాయిలతో వచ్చే లాభం క్రిటికల్ ఐ ఏడు స్థాయిలతో వచ్చే లాభానికి దాదాపు సమానం. రెండోది, విడివిడిగా 11.9, 7.5 కలిపితే 19.4 కావాలి, కాని కలిపి వాడితే 20.2 వచ్చింది. ఎందుకంటే ఇవి కూడికలో కాకుండా గుణకారంలో కలుస్తాయి. క్రిటికల్ దెబ్బ బలాన్ని 25 నుంచి 40 శాతానికి పెంచే క్రిటికల్ బూస్ట్ మూడో స్థాయి కూడా తోడైతే 221 × 1.14 = 251.94. అంటే దాదాపు 26 శాతం లాభం. అయితే అఫినిటీ 100 శాతం దాటితే ఆ పైది వృథా.

దెబ్బ తగిలే భాగం, ఆయుధం పదును వంటి ఇతర అంశాలు కూడా లెక్కలో ఉంటాయి. కాని అవి అన్ని సందర్భాల్లోనూ ఒకే విధంగా హెచ్చిస్తాయి కాబట్టి పై పోలిక మారదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – I
1. తెర మీద 1,200 అని చూపించే గ్రేట్ సోర్డ్ అసలు దాడి విలువ ఎంత? దానికి అటాక్ బూస్ట్ 7 జోడిస్తే అసలు విలువ ఎంత శాతం పెరుగుతుంది? (అఫినిటీని వదిలేయండి.)

7.3 రక్షణ బోనస్‌ల లెక్క

ఈ గేమ్‌లో తగిలే దెబ్బను కింది సూత్రంతో లెక్కిస్తారు:

తగిలే దెబ్బ = మృగం దెబ్బ × 80 ÷ (80 + రక్షణ)

రక్షణ సున్నా అయితే మొత్తం దెబ్బ తగులుతుంది. 80 అయితే సగం, 160 అయితే మూడో వంతు, 240 అయితే నాలుగో వంతు, 320 అయితే అయిదో వంతు. మొదటి 80 పాయింట్లు దెబ్బను సగానికి తగ్గిస్తే, 240 నుంచి 320కి వెళ్లడానికి వాడిన 80 పాయింట్లు నాలుగో వంతును అయిదో వంతుగా మాత్రమే చేశాయి. దీన్ని చూసి, పోను పోను రక్షణ పనికిరాకుండా పోతుందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. 100 ఆరోగ్యం ఉన్న వేటగాడు రక్షణ లేనప్పుడు మొత్తం 100 దెబ్బను భరిస్తే, 80 రక్షణతో 200, 160తో 300, 240తో 400, 320తో 500 భరిస్తాడు. ప్రతి 80 పాయింట్లూ భరించే శక్తికి సమానంగా 100 చేరుస్తున్నాయి. తగ్గుతున్నది శాతం మాత్రమే.

అయితే రక్షణ విషయంలో అసలు చూడవలసింది ఇంకొకటి ఉంది. వేటగాడు ఎన్నో దెబ్బకు పడిపోతాడు? ఆరోగ్యం 1 మిగిలినా వేట సాగుతుంది, సున్నా అయితే సాగదు. 480 బలం ఉన్న ఒక దెబ్బను తీసుకుందాం. రక్షణ 240 అయితే అది 120గా, 320 అయితే 96గా, 400 అయితే 80గా తగులుతుంది. మధ్యలో మందు తాగలేదనుకుంటే:

• ఆరోగ్యం 100: రక్షణ 240తో మొదటి దెబ్బకే పడిపోతాడు. 320తో, 400తో రెండో దెబ్బకు.
• ఆరోగ్యం 150: రక్షణ 240, 320, 400 ఏదైనా రెండో దెబ్బకే.
• ఆరోగ్యం 200: రక్షణ 240తో రెండో దెబ్బకు. 320తో, 400తో మూడో దెబ్బకు.

రెండో వరుసను జాగ్రత్తగా గమనించండి. వేటకు ముందు భోజనం చేసి ఆరోగ్యాన్ని 150కి పెంచుకున్న వేటగాడు రక్షణను 240 నుంచి 400కి పెంచుకున్నా ఈ దెబ్బ విషయంలో అతడు పడిపోయే వరుస మారలేదు. మందు కొంత ఆదా అవుతుంది, అంతే. అదే వేటగాడు 320 రక్షణతో ఉండి, హెల్త్ బూస్ట్ మూడో స్థాయితో వచ్చే +50 ఆరోగ్యం కలుపుకుంటే ఒక దెబ్బ అదనంగా తట్టుకుంటాడు. కాబట్టి రక్షణ బోనస్‌కు విలువ గడప దాటినప్పుడే వస్తుంది. ఎదుటి మృగం ప్రధానమైన దెబ్బ ఎంతో తెలిస్తే ఆ గడప ఎక్కడుందో తెలుస్తుంది.

మరొక విషయం. రక్షణ అంకెను పెంచడానికి బోనస్ చోటు వాడనవసరం లేదు. ఆర్మర్ స్ఫియర్లు అనే వస్తువులతో కవచాన్నే మెరుగుపరచుకోవచ్చు. చోటు ఖర్చు కాని దారి ఉన్నప్పుడు ముందు దాన్నే వాడుకోవాలి.

7.4 రెండింటినీ ఒకే కొలమానంలోకి తేవడం

దాడిని శాతంలో, రక్షణను దెబ్బల సంఖ్యలో కొలిస్తే పోల్చడం కష్టం. రెండింటినీ కాలంలోకి మార్చితే పోలిక సులభమవుతుంది.

బోనస్ లేకుండా 20 నిమిషాలు పట్టే వేటను ఊహించండి. అటాక్ బూస్ట్ 7తో దెబ్బ 11.9 శాతం పెరిగితే కాలం 20 ÷ 1.119 = 17.9 నిమిషాలు. అంటే రెండు నిమిషాలకు కొంచెం పైగా ఆదా. ఈ రెండు నిమిషాలు మృగం ఎదుట నిలబడనవసరం లేదు కాబట్టి దాడి బోనస్‌లో కూడా కొంత రక్షణ దాగి ఉంది.

ఇప్పుడు నష్టం వైపు చూద్దాం. స్పృహ తప్పిన వేటగాడు శిబిరంలో తేరుకుంటాడు. భోజనంతో వచ్చిన అదనపు ఆరోగ్యం పోతుంది. వేటకు ఇచ్చే సొమ్ము తగ్గుతుంది. మళ్లీ భోజనం చేసి, మృగం ఉన్న చోటికి చేరడానికి రెండు నిమిషాలు పడుతుందనుకుందాం. అప్పుడు ఒక్కసారి పడిపోతే చాలు, అటాక్ బూస్ట్ ఏడు స్థాయిలూ సంపాదించిన కాలం ఖర్చైపోయినట్లే.

దీని నుంచి వచ్చే నియమం ఇది: రక్షణ బోనస్ వేటకు కనీసం ఒక్క పతనాన్ని ఆపగలిగితే దాని విలువ దాడి బోనస్‌కు తీసిపోదు. ఏ పతనాన్నీ ఆపకపోతే దాని విలువ దాదాపు సున్నా. కొత్త మృగాన్ని ఎదుర్కొనేటప్పుడు ‘బతికుంటే బలుసాకు తినవచ్చు’ అన్నది సరైన సూత్రం. అదే మృగం కదలికలు అలవాటయ్యాక దెబ్బ తగలకుండా తప్పుకోవడం వస్తుంది. అడుసు తొక్కనివాడికి కాలు కడుక్కునే పని లేదు. తప్పుకోవడం నేర్చినవాడికి రక్షణ బోనస్ అవసరం అంతకంతకూ తగ్గుతుంది. అందుకే ఒకే సామగ్రి ఒక ఆటగాడికి మంచిది, మరొకరికి కాదు. అనుభవజ్ఞుల సామగ్రిని కొత్తవారు యథాతథంగా అనుకరించడం వల్ల వచ్చే ఇబ్బంది ఇదే.

7.5 దాడికి తోడ్పడే రక్షణ

కొన్ని బోనస్‌లు పేరుకు రక్షణ, పనికి దాడి. మృగం గర్జించినప్పుడు వేటగాడు చెవులు మూసుకుని కొన్ని క్షణాలు నిలిచిపోతాడు. ఇయర్‌ప్లగ్స్ అయిదో స్థాయి ఉంటే ఆ ఆటంకం ఉండదు. గ్రేట్ సోర్డ్ వాడేవారికి గర్జన సమయం పెద్ద దెబ్బ సిద్ధం చేసుకునే అవకాశంగా మారుతుంది. ఇక్కడ లాభాన్ని గర్జనల సంఖ్యతో లెక్కించాలి.

దీనికి వ్యతిరేకంగా, కొన్ని దాడి బోనస్‌లు రక్షణ మీద ఆధారపడతాయి. పీక్ పెర్ఫార్మెన్స్ మూడో స్థాయి +20 దాడి ఇస్తుంది. అయితే ఆరోగ్యం పూర్తిగా నిండి ఉన్నప్పుడే. మూడు స్థాయిలకే ఇంత రావడం చవకగా కనిపిస్తుంది. కాని తరచుగా దెబ్బలు తినేవారికి అది వేటలో సగం కాలమే పనిచేస్తే సగటు +10 మాత్రమే. షరతు ఉన్న ఏ బోనస్‌నైనా, షరతు నెరవేరే కాలంతో హెచ్చించి చూడాలి.

7.6 జట్టుగా ఆడేటప్పుడు

ఒక వేటలో నలుగురు వరకు కలిసి ఆడవచ్చు. అప్పుడు కూడా మూడు పతనాలే హద్దు, అవి నలుగురికీ ఉమ్మడి. ఒంటరిగా ఆడేవాడు తన పొరపాటుకు తానే మూల్యం చెల్లిస్తాడు. జట్టులో ఒక్కరు మూడుసార్లు పడిపోతే మిగిలిన ముగ్గురి శ్రమ కూడా వృథా అవుతుంది. మరోవైపు, నలుగురిలో ఒకరి దెబ్బ 12 శాతం పెరిగితే, నలుగురి వాటా సమానమనుకుంటే, జట్టు మొత్తం దెబ్బ 3 శాతమే పెరుగుతుంది. దాడి లాభం నలుగురిలో పలచబడుతుంది, పతనం నష్టం నలుగురికీ పూర్తిగా చేరుతుంది. అందువల్ల జట్టులో బలహీనుడినని తెలిసిన ఆటగాడు ఆరోగ్యం పెంచే బోనస్‌ను ఎంచుకోవడం పిరికితనం కాదు, బాధ్యత.

7.7 సారాంశం

దాడి బోనస్‌లు పరస్పరం గుణకారంలో కలుస్తాయి; వాటి ఫలితం ప్రతి దెబ్బలోనూ కనిపిస్తుంది. రక్షణ బోనస్‌ల ఫలితం గడప దాటినప్పుడే కనిపిస్తుంది. ముందు కవచాన్ని మెరుగుపరచుకోవాలి. ఆ తరవాత మృగం ప్రధానమైన దెబ్బకు నిలబడగలిగేంత ఆరోగ్యం సమకూర్చుకోవాలి. మిగిలిన చోటంతా దాడికి కేటాయించాలి. వరుసగా కొన్ని వేటల్లో ఒక్కసారి కూడా పడిపోకపోతే రక్షణ చోటులో కొంత దాడికి మార్చవచ్చు. పడిపోవడం మొదలైతే తిరిగి వెనక్కి తీసుకోవాలి.

7.8 కీలక పదాలు

అసలు దాడి విలువ: ఆయుధ గుణకంతో హెచ్చించక ముందున్న దాడి అంకె.
అఫినిటీ: దెబ్బ క్రిటికల్ అయ్యే అవకాశం, శాతంలో.
గడప: తట్టుకోగల దెబ్బల సంఖ్య ఒకటి పెరిగే స్థానం.
పతనం: ఆరోగ్యం సున్నా అయి వేటగాడు స్పృహ తప్పడం.

7.9 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు

I. 1. అసలు విలువ 1,200 ÷ 4.8 = 250. పెరుగుదల 21 ÷ 250 = 8.4 శాతం. ఆయుధం బలపడే కొద్దీ స్థిరమైన బోనస్ శాతం తగ్గుతుందని గమనించండి.

7.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. రక్షణ పెరిగే కొద్దీ దాని ప్రయోజనం తగ్గిపోతుందన్న వాదాన్ని సోదాహరణంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మృగం దెబ్బ బలం 600, వేటగాడి ఆరోగ్యం 150, రక్షణ 240 అయితే అతడు ఎన్నో దెబ్బకు పడిపోతాడు? ఒక దెబ్బను తట్టుకోవడానికి కింది మార్గాల్లో ఏది సరిపోతుంది: రక్షణను 320కి పెంచడమా, ఆరోగ్యానికి 15 కలపడమా, లేక రెండూనా?
2. జట్టు ఆటలో దాడి, రక్షణ బోనస్‌ల విలువ ఎందుకు మారుతుంది?