షాంటిలీ చలికి నరసాపురం అల్లిక

జనవరి నెల, పొద్దున ఆరున్నర. వర్జీనియా రాష్ట్రం షాంటిలీలో రూట్ 50కి దగ్గర్లో మా సైటు. గడ్డకట్టిన నేల మీద కాంక్రీటు పోయకూడదు కాబట్టి ముందురోజు సాయంత్రమే మందపాటి దుప్పట్లు పరిచి పోతాం. తెల్లారి వచ్చి కింద చెయ్యి పెట్టి చూస్తే నేల వెచ్చగానే ఉంటుంది. నేలకి దుప్పటి కప్పాం సరే, మరి కప్పినవాడి మెడ సంగతేంటి?

మస్కట్లో ఆరేళ్లు ఎండకి మాడి వచ్చిన ప్రాణం నాది. ఇక్కడ మొదటి చలికాలం ఊలు టోపీ కొనుక్కుని దాని మీద హెల్మెట్ పెట్టుకుంటే సేఫ్టీ ఆఫీసరు తీయించేశాడు. హెల్మెట్ తయారుచేసినవాళ్లు ఒప్పుకున్న లైనరు తప్ప ఇంకేదీ లోపల ఉండకూడదట. పోనీ మఫ్లర్ చుట్టుకుందామంటే అదీ వద్దన్నాడు. వేలాడే కొస మిషన్లో పడితే మనిషినే లాగేస్తుంది. ఆ మాటా నిజమే.

సాయంత్రం మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర కనబడ్డ పెద్దమ్మతో మాటల్లో ఈ సంగతి చెప్పాను. వారం తిరక్కుండా తలుపు కొట్టి, బూడిదరంగు గొట్టంలాంటి అల్లిక ఒకటి నా చేతిలో పెట్టారు. మా ఆవిడని అడిగి నా చొక్కా కాలరు సైజు ముందే తెలుసుకున్నారట.

"తల మీంచి తొడుక్కో బాబూ. దీనికి కొసలుండవు, వేలాడదు. జాకెట్టు లోపలికి దూర్చేసుకో, ఆయ్" అన్నారు.

అది వేసుకోవడం ఇది నాలుగో చలికాలం. సేఫ్టీ ఆఫీసరు కూడా ఏమీ అనలేదు.

ఊరి పేరులోనే లేసు

పెద్దమ్మ పేరు పేపర్లో వద్దన్నారు. ఆవిడది నరసాపురం పక్కన పల్లెటూరు. వయసు అరవై ఎనిమిది. భర్త పోయాక గ్రీన్‌కార్డు మీద కూతురి దగ్గరికి వచ్చేసి ఏడేళ్లయింది. మాది జగిత్యాల వైపు. ఇండియాలో ఉంటే ఆవిడ ఊరికీ మా ఊరికీ ఒక రాత్రి ప్రయాణం. ఇక్కడ పైమెట్టుకీ కిందిమెట్టుకీ ఉన్న దూరమే.

షాంటిలీ అంటే చాలామందికి డల్లెస్ ఎయిర్‌పోర్టు, దాని పక్కన 2003లో తెరిచిన ఉద్వార్-హేజీ విమానాల మ్యూజియం గుర్తొస్తాయి. మన వాళ్లకైతే రాజధాని మందిర్ కూడా. కానీ ఈ ఊరి పేరు వెనక చిన్న కథ ఉంది. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్లలో రిచర్డ్ హెన్రీ లీ ఒకరు. వర్జీనియాలోనే వెస్ట్‌మోర్‌ల్యాండ్ కౌంటీలో ఉన్న తన ఇంటికి ఆయన ఫ్రాన్సులోని షాంటిలీ కోట పేరు పెట్టుకున్నారు. ఆ కుటుంబంలోని కోర్నీలియా లీ స్టూవర్ట్ ఇక్కడి తన ఎస్టేటుకీ అదే పేరు పెట్టారు. బానిసల చాకిరీతో నడిచిన ఎస్టేటు అది. దాని పేరే ఊరికి మిగిలింది.

పారిస్‌కి ఉత్తరాన ఉన్న ఆ ఫ్రెంచి షాంటిలీ దేనికి ప్రసిద్ధో తెలుసా? లేసుకి! సన్నటి నల్ల పట్టుదారంతో, చిన్న చిన్న చెక్క కండెల మీద అల్లే షాంటిలీ లేసు ఒకప్పుడు రాజకుటుంబాల స్త్రీలకి మోజు. 1789 ఫ్రెంచి విప్లవంతో కొనేవాళ్లు పోయారు, పనీ పడిపోయింది. తర్వాత అదే పేరుతో బాయూ లాంటి వేరే ఊళ్లలో అల్లారు.

ఈ కథ పెద్దమ్మకి చెబితే నవ్వేశారు. "అయితే నేను లేసు ఊరు నుంచి బయల్దేరి లేసు ఊరికే వచ్చి పడ్డానన్నమాట!"

చేతులు మనవి, సరుకు పరాయిది

నరసాపురం ప్రాంతానికి లేసు నేర్పింది 1844 ప్రాంతంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులని చెబుతారు. ఒక్క కొక్కెం సూదీ, సన్నటి నూలుదారం ఉంటే చాలు. క్రోషే అనే ఈ అల్లిక గోదావరి పల్లెల్లో ఇంటింటికీ పాకింది. కులం, మతం తేడా లేకుండా వేలమంది ఆడవాళ్లు అల్లారు. విదేశాలకి ఎగుమతయ్యింది. నరసాపురం క్రోషే లేసుకి 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఆ వార్త చూసి పెద్దమ్మ ఫోన్లో ఊళ్లోవాళ్లందరితో మాట్లాడారు.

అయితే ఈ పనిలో ఇంకో సంగతుంది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం వైపు పల్లెల్లో తిరిగి, లేసు అల్లే ఆడవాళ్ల మీద 1982లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వేశారు. ఆవిడ చెప్పిన ముఖ్యమైన మాట ఏంటంటే, ఈ ఆడవాళ్లు ఇంటిపని చేసుకుంటూనే రోజూ గంటల తరబడి ప్రపంచ మార్కెట్ కోసం పనిచేస్తున్నారు, కానీ వాళ్లని కార్మికులని ఎవరూ అనరు. ఖాళీ టైములో ఏదో అల్లుకుంటున్న ఇల్లాళ్లు అంటారు. ఆ మాట వల్లే కూలీ అంత తక్కువ.

పెద్దమ్మ తొమ్మిదో ఏట సూది పట్టారు. "ఏజెంటు వచ్చి దారం ఇచ్చేవాడు. నేను పువ్వులే అల్లేదాన్ని. ఇంకొకావిడ వాటిని అతికేది. మొత్తం బల్లగుడ్డ ఎలా ఉంటుందో నేను చూసింది తక్కువే బాబూ. వేలల్లో అల్లుంటాను, మా ఇంట్లో ఒక్కటి మిగల్లేదు" అన్నారు.

ఇక్కడికి వచ్చిన కొత్తలో కూతురితో కలిసి పాతసామాను అమ్మే దుకాణానికి వెళ్లారట. ఒక మూల క్రోషే బల్లగుడ్డ కనబడింది. మూడు డాలర్లు. పెద్దమ్మ దాన్ని తిరగేసి, అతుకుల దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూశారు. మా వైపుదేనా, చైనాదా? తెలియలేదు. ఒకటి మాత్రం తెలుసు. స్వెట్టర్లని అల్లే మిషన్లు ఉన్నాయి గానీ, క్రోషేని మిషన్లతో చేయరు. బజారులో కనబడే ప్రతి క్రోషే గుడ్డా ఎవరో ఒకరి చేతిపనే.

"ఎవరిదైతేనేం, ఎవరో ఒక ఆడమనిషి కళ్లు కదా" అని కొనుక్కుని తెచ్చుకున్నారు. ఇప్పుడది వాళ్ల దేవుడి బల్ల మీద ఉంది.

రెండు సూదులు, రెండు భాషలు

మరి ఊలు అల్లిక ఎక్కడ నేర్చుకున్నారు? పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే ఎనభై ఏళ్ల అమెరికన్ అవ్వ దగ్గర. ఈవిడకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. మొదటి రోజు పెద్దమ్మ లేసు అలవాటు కొద్దీ దారం ఎడంచేతికి చుట్టుకున్నారు. ఆ అవ్వ దారం కుడిచేత్తో వేస్తుంది. కాసేపు ఇద్దరూ ఒకరి చేతులొకరు చూసుకున్నారు. చివరికి చూస్తే రెండు రకాలుగా చేసినా కుట్టు ఒకటే! యూరప్‌లో చాలాచోట్ల ఎడంచేతి పద్ధతే వాడతారు కూడా.

నేను సివిల్ డిప్లొమా చదివినవాణ్ని. అల్లిక అంటే ఆడవాళ్ల కాలక్షేపం అనుకునేవాణ్ని. ఒకరోజు పెద్దమ్మ స్వెట్టర్ మొదలుపెడుతుంటే పక్కన కూచుని చూశాను. ముందు నాలుగంగుళాల చదరం ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి, స్కేలు పెట్టి కుట్లు లెక్కపెట్టారు. మేం కాంక్రీటు క్యూబు చేసి టెస్టు పెట్టినట్టే!

లెక్క చూడండి. నాలుగంగుళాలకి 20 కుట్లు వస్తే అంగుళానికి 5. నలభై అంగుళాల ఛాతీకి 200 కుట్లు వెయ్యాలి. చెయ్యి కాస్త బిగువై నాలుగంగుళాలకి 22 వచ్చాయనుకోండి, అవే 200 కుట్లతో స్వెట్టర్ ముప్పయ్యారున్నర అంగుళాలు కూడా రాదు. నెల కష్టం ఒంటికెక్కదు. పదో తరగతి దాటని పెద్దమ్మ ఈ లెక్క నోటితో చేస్తారు. నేను కాలిక్యులేటర్ తీశాను.

ఆవిడ రోజు ఇలా నడుస్తుంది. పొద్దున మనవరాలు బడిబస్సు ఎక్కాక రెండు గంటలు. మధ్యాహ్నం కళ్లకి విశ్రాంతి. సాయంత్రం కిటికీ పక్కన మళ్లీ గంట. బొటనవేలి కీలు నొప్పి పెడితే ఆపేస్తారు. అలమరలో అట్టపెట్టె నిండా ఊలు ఉండలు. జోఆన్ దుకాణాలు 2025లో దేశమంతా మూతపడే ముందు తగ్గింపు ధరకి కొన్నవే సగం. మే నెల మొదటి శనాదివారాల్లో మేరీల్యాండ్‌లోని వెస్ట్ ఫ్రెండ్‌షిప్‌లో గొర్రెలు, ఊలు పండగ జరుగుతుంది. ఒక ఏడు కూతురు తీసుకెళ్లింది. "గొర్రెల్ని మన ఊళ్లో చూళ్లేదా ఏంటి అనుకున్నా. కానీ దాని ఒంటి మీది బొచ్చు అక్కడే దారం అవుతుంటే చూడ్డం బాగుంది" అన్నారు.

కష్టాలూ లేకపోలేదు. మనవరాలి కోసం అల్లిన మొదటి ఎర్ర స్వెట్టర్‌ని అల్లుడుగారు పాపం సాయం చేద్దామని వేడినీళ్ల మిషన్లో వేసేశారు. ఊలు పోగు మీద కంటికి కనబడని పొలుసులుంటాయి. వేడికి, రాపిడికి అవి ఒకదాన్నొకటి పట్టేసుకుంటే మళ్లీ విడవవు. ఆరేళ్ల పిల్ల స్వెట్టర్ బొమ్మకి సరిపోయేంతయ్యి బయటికొచ్చింది. అల్లుడుగారి మొహం చూసి పెద్దమ్మకే జాలేసింది. దాన్ని బొమ్మకే తొడిగారు. ఇప్పుడు మిషన్లో వేయదగ్గ ఊలేనా అని చీటీ చదివించుకుని గానీ కొనరు.

నేను చేసిన తప్పు

పోయిన చలికాలం జరిగింది ఇది. నా మెడ చూసి సైటులో ఒకరి తర్వాత ఒకరు అడగడం మొదలుపెట్టారు. ఎంతకి దొరుకుతుంది, మాకూ తెప్పిస్తావా అని. ఇరవైమంది పోగయ్యారు. ఒక్కోటి నలభై డాలర్లు ఇస్తామన్నారు. ఎనిమిది వందల డాలర్లు! పెద్దమ్మకి మంచి చేస్తున్నానని సంబరపడ్డాను. మెటీరియల్ ఇండెంట్ రాసినట్టు పేరు, రంగు, సైజు, క్రిస్మస్ లోపల కావాలి అని గళ్లు గీసి కాగితం తీసుకెళ్లి ఇచ్చాను.

ఆవిడ అంతా విన్నారు. సూదులు ఒళ్లో పెట్టుకున్నారు.

"గడువు ఎప్పటికన్నావు?"

"క్రిస్మస్ లోపల, పెద్దమ్మా."

"వంకరొస్తే తిప్పి పంపుతారా?"

నా దగ్గర జవాబు లేదు.

"బాబూ, గడువుకి అల్లీ, తిప్పి పంపితే విప్పి మళ్లీ అల్లీ యాభై ఏళ్లు బతికాను. పిల్లల్ని చదివించింది ఆ సూదే, దాన్ని తిట్టను. కానీ ఇప్పుడు నేను అల్లేది ఎవరికో నాకు తెలుసు. మెడ ఎంతుందో తెలుసు. మళ్లీ లెక్కలోకి నన్ను దించకయ్యా" అన్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మ బీడీలు చేసేది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. వెయ్యికింత అని కూలి. కార్ఖానాకి తీసుకపోతే పనికిరావని కొన్ని తీసి పక్కన పడేసేవాళ్లు, వాటికి పైసా లేదు. నా పాలిటెక్నిక్ ఫీజు ఆ చాటలోంచే వచ్చింది. అయినా కాలేజీ ఫారంలో తల్లి వృత్తి అన్నచోట నేను రాసింది 'గృహిణి' అని. ఇరవైమంది కూలీల గంటలు రోజూ నిమిషంతో సహా రాసే నేను, మా అమ్మ గంటలు ఒక్కరోజు కూడా లెక్కపెట్టలేదు.

అమ్మకి ఫోన్ చేసి ఈ సంగతంతా చెప్పాను. ఓపిగ్గా విని, "గిప్పుడు యాదికొచ్చిందా బిడ్డా" అని నవ్వింది.

అల్లి అమ్ముకోవడం తప్పని కాదు. చేసే పనికి సరైన కూలి రావాలి, పనివాళ్లని పనివాళ్లనే పిలవాలి. కానీ జీవితమంతా గడువుకి పనిచేసిన మనిషి చివరికి తన ఇష్టానికి చేసుకునే పని మీద మళ్లీ మనం ధర చీటీ అంటించకూడదు. నాకు అర్థమయింది ఇంతే.

ఆ ఇరవైమందికి అమ్మకానికి లేవని చెప్పాను. ఇద్దరు మాత్రం నేర్పుతారా అని అడిగారు. ఇప్పుడు నెలకో ఆదివారం పెద్దమ్మ గారింట్లో మేం ముగ్గురం, ఆ అమెరికన్ అవ్వ కూచుంటాం. నా అల్లిక వంకరటింకరగా ఉంది. పెద్దమ్మ విప్పమనరు. "ఉండనీ బాబూ, వెచ్చగానే ఉంటుంది" అంటారు.

ఆవిడ చేతిలో ఇప్పుడు తెల్ల నూలుదారం, పాత కొక్కెం సూది ఉన్నాయి. పువ్వులు తనే అల్లి, అతుకు తనే వేస్తున్నారు. ఎవరికండీ అంటే కాసేపు చెప్పలేదు.

"నాకే. సంక్రాంతికి గుడికి కప్పుకుని వెళ్దామని" అన్నారు.

మీ ఇంటికి ఊరి నుంచి అమ్మో అత్తయ్యో వస్తే, వాళ్ల చేతులు ఏం పని చేసేవో ఒకసారి అడిగి చూడండి. దారమో ఊలో కొనిపెట్టండి. ఎంతకి అమ్ముదాం అని మాత్రం అడగొద్దు. ఏదన్నా అల్లి ఇస్తే చన్నీళ్లలో చేత్తో ఉతికి, నీడలో పరిచి ఆరబెట్టండి. వేడినీళ్ల మిషన్లో వేయకండి, అల్లుడుగారి మొహం గుర్తుంచుకోండి!